రాజేశం కాక కట్టిన ఎర్ర దారం

రింగ్ రోడ్ మార్కెట్‌లో మూడో అంతస్తు దుకాణం. సేఠ్ ఒక తాను తీసి, ఒక్క ఊపున విప్పి, తెల్ల పరుపు మీద నా ముందు పరిచాడు. వచ్చే నెలలో మా సంస్థలో సెమీకండక్టర్ పదార్థాల మీద అంతర్జాతీయ సదస్సు ఉంది. పరదేశాల నుంచి వచ్చే శాస్త్రవేత్తలకు కప్పడానికి శాలువాలు కావాలి. కమిటీలో పదిమంది ఉన్నా గుడ్డ విషయం అనేసరికి అందరూ నా వైపే చూస్తారు. నేను మగ్గాల ఇంటి పిల్లనని ఇప్పుడు అందరికీ తెలుసు, అది చెప్పుకోవడానికి ఇప్పుడు నాకూ నామోషీ లేదు. కొత్త గుడ్డ ఘాటు వాసన ముక్కుకు తగిలింది. అలవాటు కొద్దీ అంచు వెంట చూపుడు వేలు పోనిచ్చాను. రెండు బారలు పోయేసరికి వేలికి ఏదో అడ్డం వచ్చింది. వంగి చూస్తే, అంచుకు ముడివేసి వదిలిన ఎర్ర దారం, చిటికెన వేలంత పొడవు.

సేఠ్ చప్పున కత్తెర అందుకున్నాడు. "అదేం లేదు మేడమ్. అక్కడ పోగు తెగితే మగ్గం మీద అతికారు, దానికి గుర్తు. కత్తిరించేస్తే ఎవరికీ తెలియదు," అన్నాడు హిందీలో. "ఉండనివ్వండి," అన్నాను. నేననుకున్న దానికన్నా గట్టిగా వచ్చినట్టుంది, పక్కన బేరమాడుతున్నవాళ్లు కూడా తలెత్తి చూశారు. సేఠ్ కత్తెర పక్కన పెట్టి మంచినీళ్లు తెప్పించాడు. ఆ దారాన్ని రెండు వేళ్ల మధ్య నలుపుతూ చాలాసేపు కూర్చున్నాను. కత్తిరించేస్తే ఎవరికీ తెలియదన్న మాట నిజమే. అలాంటి దారాలు పదకొండు, ఒకప్పుడు నా చేతులతో నేనే కత్తిరించాను.

వాటిని కట్టినాయన పేరు రాజేశం. నేను కాకా అని పిలిచేదాన్ని. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు, చూసినా గుర్తుండిపోయే మనిషి కాదు. పొట్టిగా, బక్కగా ఉండేవాడు, నడిచేటప్పుడు అరచేతులు లోపలికి ముడుచుకునేవాడు. మా బాపూ ఆయనా సిరిసిల్ల పక్క ఒకే ఊరి నుంచి ఒకే రైల్లో సూరత్ వచ్చి, నగర శివార్లలోని జోల్వాలో ఒకే షెడ్డులో పనికి కుదిరారు. బాపు మగ్గాలు నడిపేవాడు. కాక వైపని చేసేవాడు. వైపని అంటే, మగ్గం మీద పడుగు చుట్టిన బీము ఒకటి అయిపోయి కొత్త బీము ఎక్కించినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసల్ని ఒక్కొక్కటిగా అతకడం. వేల పోగులుంటాయి. వేళ్లకు బూడిద రాసుకుని, రెండు కొసలు కలిపి ఒక్క మెలిక తిప్పితే ముడి పడాలి. అది కంటికి కనపడకూడదు, లాగితే ఊడకూడదు. ఒక్క పోగు తప్పి పక్కదానితో కలిసిందంటే గుడ్డ పొడవునా గీత పడుతుంది. కాక ఆ పని చేస్తుంటే చూసేవాళ్లకు నిద్ర ముంచుకొచ్చేది, అంత ఒక్కతీరుగా సాగేది.

నేను సూరత్‌లోనే పుట్టాను. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, బడిలో హిందీ. ఎక్కడ ఏ భాష మాట్లాడితే పరువు దక్కుతుందో చిన్నప్పుడే తెలుసుకున్నాను. చదువులో మొండిదాన్ని కాబట్టి, ఎక్కుతూ ఎక్కుతూ ఈ సంస్థలో పరిశోధక విద్యార్థినిగా తేలాను. మా ప్రొఫెసర్ సార్ పలుచటి స్ఫటికాలు పెంచేవారు. కొలిమిలో నెలల తరబడి పెరిగిన స్ఫటికం నుంచి ఉల్లిపొరలాంటి రేకు ఒలిచి, దానికి నాలుగు బంగారు తీగలు వెండి జిగురుతో అతికించి, చల్లబరుస్తూ అందులో విద్యుత్తు ఎలా పోతుందో కొలవడం నా పని. తీగ వెంట్రుక కన్నా సన్నం. రేకు ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. నా చేతులేమో గజగజ వణికేవి. ఏడాది గడిచినా చేతిలో పట్టుమని పది మంచి నమూనాలు లేవు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంది నీ పని అని తోటివాళ్లు వాళ్ల భాషలో వాళ్లు నవ్వేవారు. సార్ నవ్వేవారు కాదు, నా మొహం చూడటమే మానేశారు. అప్పుడు నాకు రాజేశం కాక చేతులు గుర్తొచ్చాయి.

ఒక ఆదివారం జోల్వా వెళ్లి ఆయన్ని అడిగాను. "ఏంది బిడ్డా, చదువుకున్నోళ్ల కాడ నాకేం పని?" అన్నాడు. "పోగు అతికే పనే కాకా. కాకపోతే దారం కాదు, బంగారం." ఆయన బూడిద వేళ్లు లుంగీకి తుడుచుకున్నాడు. "బంగారం అతకనీకి అవుసులోళ్లు ఉండిరి గద." నేను చున్నీ కొసకు ముడివేసి తెచ్చిన తీగ ముక్క ఆయన అరచేతిలో పెట్టాను. కాసేపు వెతికాడు. కనపడలేదు, వేలికి మాత్రం తగిలింది. "అబ్బ, జరీ పోగు దీని ముంగట మోకు తీరు ఉంటది," అన్నాడు. ఆ మాటతోనే నాకు తెలిసిపోయింది, వస్తాడని.

మొదటి రోజే గొడవ. జేబులోంచి బూడిద పొట్లం తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. నేను గుండెలు బాదుకుని, ఇక్కడ నలుసంత దుమ్ము కూడా పనికిరాదని చెప్పాను. "బూడిద దుమ్మెట్లయితది? బూడిద లేకుంటే చెయ్యి జారదా?" అన్నాడు. తర్వాత చేతికి తొడుగు వేసుకోమంటే మరీ చిన్నబుచ్చుకున్నాడు. "కండ్లకు గంతలు గట్టి నడువమన్నట్టున్నది జర." అయినా వేసుకున్నాడు. పది రోజులు ఊరికే ఖాళీ తీగలతో ఆడుకున్నాడు. పదకొండో రోజున మైక్రోస్కోప్ కింద ఒక రేకుకు నాలుగు తీగలు నిలబెట్టాడు, నేను టీ తాగి వచ్చేలోపల. సార్ వచ్చి కంటిగాజులోంచి చూసి, తలెత్తి, మళ్లీ చూశారు. "ఎవరీయన?" అని నన్నడిగారు. మా కాక అని నోటిదాకా వచ్చింది. "తెలిసినాయన సార్, మగ్గాల దగ్గర పనిచేస్తాడు," అన్నాను. కాక విన్నాడో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఆయన్ని హెల్పర్‌గా కాంట్రాక్టు మీద తీసుకున్నారు.

నాకు పని నేర్పింది ఆయనే. పరికరాలు నడపడం సార్ నేర్పారు, కాగితాలు రాయడం తోటివాళ్లను చూసి నేర్చుకున్నాను, కానీ చేతిని నమ్మడం కాక నేర్పాడు. "వణుకు చేతిది కాదు బిడ్డా, తొందరది. ఊపిరి ఇడిసినంక ముట్టు. బిగవట్టినప్పుడు ముట్టకు," అనేవాడు. నా పక్కన స్టూలు మీద కూర్చుని, నేను తీగ దించుతుంటే తన ఊపిరి కూడా నాతోపాటే వదిలేవాడు. నెల తిరిగేసరికి నా చేతులు కుదురుకున్నాయి. ఈ రోజు నా విద్యార్థుల ముందు నేను తీగ అతికి చూపిస్తే వాళ్లు నోరు తెరుచుకుని చూస్తారు, అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకుంటారు.

ఒకసారి నేనొక తీగ ఊడగొట్టాను. ఎవరూ చూడలేదు కదా అని మళ్లీ అతికించి, పుస్తకంలో రాయకుండా పెట్టెలో పెట్టేశాను. మరునాడు కాక అదే పెట్టె నా ముందు పెట్టాడు. "గిది తెగింది, నువ్వు అతికినవ్. వెండి రెండు పొరలున్నది." ఆయన కోప్పడలేదు. "తెగుడు తప్పు కాదు. తెగని మగ్గం ఏడున్నది? తెగింది జెప్పకపోవుడు తప్పు. మా కాడ అతికిన జాగల అంచుకు ఎర్ర దారం కడ్తం. కొనేటోడు సూసి తీస్కుంటడో ఇడిసిపెడ్తడో ఆని ఇష్టం. మనం మాత్రం కట్టాలె," అని చొక్కా జేబులోంచి ఎర్ర దారం ఉండ తీసి, ఆ పెట్టె చుట్టూ ఒక చుట్టు చుట్టి, పంటితో తెంపి ముడివేశాడు. అప్పటినుంచి మా గదిలో అదే రివాజు అయింది. దారం ఉన్న పెట్టె వస్తే నేను ముందు మైక్రోస్కోప్ కింద చూసుకుని, సరిగ్గా ఉందనుకుంటేనే కొలతకు పెట్టేదాన్ని. శాస్త్రానికి నిజాయితీ ఎలా ఉండాలో సంస్థ మాకు ఏటా రెండు రోజులు ఉపన్యాసాలు ఇప్పిస్తుంది. నాకు వాటిలో ఒక్క ముక్కా గుర్తులేదు.

ఆ తర్వాత రెండేళ్లకు మా సంస్థలో మొదటి అంతర్జాతీయ సదస్సు పెట్టారు. పెళ్లివారింట్లో ఉండే సందడి కాదు, పెళ్లివారికి భయపడే సందడి. గోడలకు సున్నాలు వేశారు, కుండీల్లో మొక్కలు అద్దెకు తెచ్చారు, కూలీల సైకిళ్లు కంటికి కనపడకూడదని వెనక గోడ అవతలికి మార్చారు. భోజనాల్లో ఢోక్లా ఉండాలా వద్దా అన్నదాని మీద పెద్ద పెద్ద ప్రొఫెసర్లు వారం రోజులు పంతాలు పట్టారు. మా సార్‌కు మాత్రం ఒక్కటే ధ్యాస. జర్మనీ నుంచి ఒక పెద్దావిడ వస్తోంది, స్ఫటికాల విద్యలో ఆవిడ మాటకు తిరుగులేదు. ఆవిడ మా ప్రయోగశాలతో కలిసి పనిచేయడానికి ఒప్పుకుంటే సార్ జీవితం గట్టెక్కినట్టే. నా జీవితం కూడా. ఒప్పందం కుదిరితే ఏడాది పాటు ఆవిడ దగ్గరికి పంపేది నన్నేనని సార్ మాటిచ్చారు. ఆ మాట నాకు చెవిలో జోరీగ అయింది, పగలంతా అదే వినపడేది.

సదస్సుకు మూడు రోజుల ముందు కాక నా దగ్గరికొచ్చాడు. నేను ఫోన్‌లో ఉన్నాను, అతిథుల కార్లు మాట్లాడుతున్నాను. ఆయన ఒక పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. "బిడ్డా, గిది వేరే తీరు. తీగ కాదు, రేకే నడుమల పగిలింది. మూడు నెల్లు పెరిగిందని పారెయ్యబుద్ది గాలె. సన్నంగ వెండి రాసి అతికిన. దారం కట్టిన. నువ్వొకపారి సూడు." నేను ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "చూస్తా కాకా, చూస్తా," అన్నాను. ఇక్కడ ఆయన పొరపాటు కూడా చెప్పాలి. అతికిన పోగు కూడా పోగే అన్నది ఆయన లోకం, గుడ్డ విషయంలో అది నిజం. వెండితో అతికిన స్ఫటికం మాత్రం ఇక స్ఫటికం కాదు, విద్యుత్తు అందులోంచి పోకుండా వెండి మీదుగా పోతుంది. అది ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. తెలియదు కాబట్టే దారం కట్టి, చూడమని చేతికిచ్చి వెళ్లాడు.

సదస్సుకు ముందురోజు పొద్దున నమూనాల పెట్టెలన్నీ గాజు బల్ల మీద పేర్చాం. సార్ పదిమంది విద్యార్థుల్ని వెంటేసుకుని చూడటానికి వచ్చారు. ఒక పెట్టె ఎత్తి, రెండు వేళ్లతో దారం పట్టుకుని, "ఈ పూజ దారాలేమిటి?" అన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. సార్ నా వైపు తిరిగి, "మీవాళ్ల ఆచారమా?" అన్నారు. వెటకారం కూడా కాదు, మామూలుగానే అడిగారు. ఆ క్షణంలో నేను చెప్పాల్సింది రెండే మాటలు, సార్, అవి అతికిన వాటికి గుర్తు అని. కానీ మీవాళ్లు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. అందరి కళ్లూ నా మీద ఉన్నాయి. నా జుట్టులో దూదిపింజ ఉందేమో అన్నట్టు చెయ్యి తలమీదికి పోయింది. "అవును సార్, ఊరికే కట్టుకుంటాడు, తీసేస్తాను," అన్నాను. కత్తెర తెచ్చి పదకొండు దారాలూ కత్తిరించాను. చెత్తబుట్టలో వెయ్యడానికి మనసొప్పక కుర్తా జేబులో వేసుకున్నాను. వాటిలో ఒకటి కాక చూడమన్న పెట్టెదని నాకు గుర్తుంది, ఏదో మాత్రం గుర్తులేదు. దారాలు తీసినవన్నీ ఎడమ వరసలో పెట్టాను, సాయంత్రం ఒక్కొక్కటే చూద్దామనుకున్నాను. సాయంత్రం నన్ను అతిథుల కోసం స్టేషన్‌కు పంపారు. నేను లేనప్పుడు ఎవరో ఫొటోలకు అందంగా ఉంటుందని పెట్టెల్ని లోపలి రేకుల మెరుపును బట్టి సర్దారు.

మరునాడు, సదస్సు మొదటి రోజే, పెద్దావిడ ప్రయోగశాల చూడటానికి వచ్చింది. వెంట ఇరవై మంది దాకా ఉన్నారు. కాకకు సార్ కొత్త చొక్కా వేసుకుని వెనక నిలబడమని చెప్పారు, ఆయన ఇస్త్రీ మడతలు పోకుండా నిలబడ్డాడు. మేం కొలతకు ఒక నమూనా సిద్ధం చేసి ఉంచాం. ఆవిడ నవ్వి, అది వద్దని, బల్ల మీద అన్నిటికన్నా మెరుస్తున్న పెట్టె తనే ఎంచుకుంది. చల్లబరచడం మొదలుపెట్టాం. సెమీకండక్టర్‌ను చల్లబరిచే కొద్దీ విద్యుత్తు పోవడం కష్టమవ్వాలి, తెర మీద గీత పైకెక్కాలి. మా గీత కిందికి దిగింది, లోహానికి దిగినట్టు. గదిలో కలకలం. సార్ కళ్లు మెరిశాయి. తొందరపడి, ఇది మేమింకా ఎక్కడా ప్రకటించని కొత్త ప్రవర్తన అని ఇరవై మంది ముందు అనేశారు. ఆవిడ కొలత అయ్యాక నమూనా బయటికి తీయించి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మైక్రోస్కోప్ మీదికి వంగింది. చాలాసేపటికి తలెత్తి, మెల్లగా, మర్యాదగా, "దీన్ని ఎవరో బాగుచేశారు," అంది. ఆ మాటకు అక్కడున్న అందరికీ ఒకటే అర్థం. దొంగ నమూనా.

సార్ మొహంలో నెత్తురుచుక్క లేదు. కాకను ముందుకు పిలిచారు. ఎందుకు అతికావు, ఎవరు చెప్పారు అని హిందీలో అడిగారు. కాకకు ఇరవై మంది దొరల ముందు నిలబడ్డానన్న భయమే లేదు, ఎందుకంటే ఆయన లెక్క ప్రకారం ఆయన తప్పేమీ లేదు. "జోడా సాబ్. ధాగా బాంధా థా," అన్నాడు, అతికాను, దారం కట్టానని. "ఏ దారం?" అన్నారు సార్. బల్ల మీది పెట్టెలకు ఒక్కదానికీ దారం లేదు. కాక వాటి వంక చూశాడు. అటు నుంచి ఇటు దాకా చూసి, నా వైపు తిరిగి, ఆ గదిలో మా ఇద్దరికే తెలిసిన భాషలో అడిగాడు. "చెప్పు బిడ్డా. నేను దారం కట్టిన్నా లేదా?"

నా చెయ్యి కుర్తా జేబులో ఉంది. ముందురోజు వేసుకున్న కుర్తానే, మార్చుకునే తీరిక లేకపోయింది. పదకొండు దారాలూ నా వేళ్ల కిందే ఉన్నాయి, మెత్తగా, ఉండలు చుట్టుకుని. బయటికి తీసి చూపిస్తే చాలు. సార్ నా వైపు చూస్తున్నారు, పెద్దావిడ చూస్తోంది, నా ఏడాది జర్మనీ చూస్తోంది. "ముఝే నహీ పతా, సర్," అన్నాను. నాకు తెలియదని. కాక తెలుగులో అడిగితే నేను హిందీలో, ఆయనకు కాకుండా సార్‌కు జవాబు చెప్పాను. కాక ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టాడు.

సార్ బయట నిలబడి ఆవిడకు క్షమాపణ చెప్పుకున్నారు. చదువులేని కూలీ, తెలివితక్కువ పని చేశాడు, మా అజాగ్రత్త అన్నారు. ఆవిడ నమ్మింది, అది అబద్ధం కూడా కాదు కదా. అబద్ధం ఆడింది సార్ కాదు. సోమవారం నుంచి రావద్దని కాకకు గేటు దగ్గర వాచ్‌మన్ చేత చెప్పించారు. ఒప్పందం కుదిరింది. నా పేరు ఖాయమైంది. ఆ వార్త చెప్పడానికి ఇంటికెళితే మా బాపు వీధంతా తిరిగి పేడాలు పంచాడు. కాక ఇంటికి కూడా ఒక పొట్లం పట్టుకెళ్లాడు.

ప్రయాణానికి వారం ముందు జోల్వాలో కాక దగ్గరికి వెళ్లాను. వెళ్లడానికి నాకు మూడు నెలలు పట్టింది. కాక మళ్లీ పాత షెడ్డులోనే, ఆపేసిన మగ్గం వెనక పీట వేసుకుని, వేళ్లకు బూడిద రాసుకుని పోగులు అతుకుతున్నాడు. చుట్టూ మిగతా మగ్గాలు చెవులు పగిలేలా మోగుతున్నాయి. "కాకా, తప్పయింది," అన్నాను. వినపడలేదు. దగ్గరికెళ్లి మళ్లీ అన్నాను, అయినా తలెత్తలేదు. చివరికి గొంతు చించుకుని అరిచాను. ఆయన చేతిలో ఉన్న ముడి పూర్తిచేసి, కొసలు తుంచి, అప్పుడు చూశాడు. "గింత గట్టిగ ఆనాడు అంటే అయిపోవు గద బిడ్డా," అన్నాడు.

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. ఓదారుస్తాడనే నేను వెళ్లానని అప్పుడు తెలిసింది, నా మీద నాకే అసహ్యం వేసింది. సార్‌తో మాట్లాడతాను, ఉత్తరం రాస్తాను, నిజం చెప్తాను అని ఏదేదో అన్నాను. ఆయన ఇంకో రెండు కొసలు అందుకున్నాడు. "ఎవలికి జెప్తవ్ ఇగ? అందరు ఎల్లిపోయిండ్రు. కూలి పోయినందుకు కాదు నా బాధ, కూలి ఏడనన్న దొరుకుతది. నేను దొంగతనంగ అతికిన్నని నలుగురు అనుకున్నరు. ముప్పై ఏండ్లల్ల ఆ మాట నన్ను ఎవడు అనలే." ఆగి, మెలిక తిప్పాడు. "మీ బాపుకు జెప్పలేదు. చెప్ప. ఆడు నీ పేరు జెప్పుకొని బతుకుతుండు. నువ్వు పోయి రా. ఇటు మాత్రం రాకు." అంత మెల్లగా అన్న మాటలు, అంత చప్పుడులో ఒక్కటీ పొల్లుపోకుండా ఎలా వినపడ్డాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ షెడ్డుకు పోగులు అతికే యంత్రం వచ్చింది, కాక ఊరెళ్లిపోయాడు. పోయిన ఏడాది ఊళ్లోనే పోయాడు. బాపు ఒక్కడే వెళ్లి మట్టివేసి వచ్చాడు, నాకు పరీక్షల పని ఉందని చెప్పాను.

జర్మనీ నుంచి వచ్చాక ఇదే సంస్థలో ఉద్యోగం దొరికింది. సార్ రిటైరయ్యారు, ఆ గది ఇప్పుడు నాది. అతికిన ప్రతి నమూనాకూ పెట్టె చుట్టూ ఎర్ర దారం కట్టాలన్నది నా గదిలో నియమం. కట్టని విద్యార్థిని ఆ రోజు పనిలోకి రానివ్వను. పిల్లలు దాన్ని మేడమ్ దారం అంటారు. బయటినుంచి వచ్చిన వాళ్లు ముచ్చటపడతారు, ఎంత చక్కటి ఆలోచన అంటారు. నేను తలాడిస్తాను. ఈసారి సదస్సు పుస్తకంలో మా ప్రయోగశాల గురించి ఒక పేజీ వేస్తున్నారు, అందులో ఈ పద్ధతి నేను ప్రవేశపెట్టినట్టు రాశారు. అచ్చుకు పోయేముందు సరిచూడమని నాకే పంపారు. రెండు చోట్ల కామాలు దిద్ది వెనక్కి పంపాను. ఆ పదకొండు దారాలు మాత్రం నా బల్ల సొరుగులో, నమూనాల పెట్టె ఒకదాంట్లో ఉన్నాయి. వాటిని ఎవరికీ చూపించలేదు.

దుకాణం నుంచి గుడ్డ ముక్క, ఆ ఎర్ర దారం ఉన్న చోటే కత్తిరింపించి, నమూనాకని ఇంటికి తెచ్చాను. అడాజన్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో బాపు కూర్చుని ఉన్నాడు. మగ్గాల మోతకు చెవులు ఎప్పుడో పోయాయి, ఈ మధ్య చూపు కూడా మందగించింది, వేళ్లు మాత్రం ఇంకా పనిచేస్తాయి. గుడ్డ ఒళ్లో వేసుకుని అంచు తడిమాడు. దారం దగ్గర వేలు ఆగింది. "ఎర్ర దారం గట్టిండ్రు. మంచోళ్లే," అన్నాడు. కాసేపు దాన్ని నిమురుతూ కూర్చున్నాడు. "మన రాజేశం గూడ గిట్లనే కట్టేటోడు. ఎన్నడు ఇడువలే." తర్వాత తలెత్తి, నేనెక్కడున్నానో కళ్లతో వెతుక్కుని, ఇన్నేళ్లలో ఎన్నోసారో లెక్కలేని ఆ మాటే మళ్లీ అడిగాడు. "గంత మంచి చెయ్యిని ఆడ ఎందుకు తీసేసిండ్రు బిడ్డా? నీకు తెల్వకుంట ఉండదు."

కిందనుంచి స్కూటర్ల మోత వస్తోంది. ఆయనకు వినపడాలంటే గట్టిగా చెప్పాలి. నేను దగ్గరికి వంగి, చెవి దగ్గర నోరు పెట్టాను.

"తెల్వదు బాపూ," అన్నాను. ఈసారి తెలుగులోనే.